మైకు అక్కరలేని ఒక గది కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

గడచిన ఫిబ్రవరిలో మా నల్లగొండలో ఒక ఫిడేలు కచేరీ జరిగింది. ఈ ఊళ్లోనే ఇంటర్ దాకా చదివి, ఆ తరువాత విదేశంలో పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న ఒక అమ్మాయి, సొంత ఊరివాళ్లకు వినిపించాలన్న కోరికతో పైసా తీసుకోకుండా గంటంబావు సేపు ఒక్కతే నిలబడి వాయించింది. పక్కన పియానో లేదు, మృదంగం లేదు, చివరికి శ్రుతికి తంబూరా కూడా లేదు. నేను రాస్తున్నది ఆ కచేరీని మెచ్చుకోవడానికి కాదు, మన జిల్లా కేంద్రాల్లోని సభామందిరాల సంగతి మీ పాఠకుల దృష్టికి తేవడానికి. అయితే ఆ సాయంత్రం ఏం వాయించారో చెప్పకపోతే నా ఫిర్యాదు ఎక్కడుందో తెలియదు కనుక ముందుగా అది చెబుతాను.

కార్యక్రమంలో సగం పాతది, సగం కొత్తది. మొదట సాల్జ్‌బర్గ్ ఆస్థానంలో పనిచేసిన బీబర్ సుమారు 1676లో రాసిన పాసకాలియా. గోల్కొండను తానాషా ఏలుతున్న రోజులవి. మన పరిభాషలో చెప్పాలంటే, పై షడ్జం నుంచి పంచమం దాకా దిగే స ని ద ప అనే నాలుగు స్వరాలు, అదీ నఠభైరవి స్వరస్థానాల్లో, అరవై అయిదు సార్లు తిరిగి తిరిగి వస్తుంటే, వాటి మీద ప్రతిసారీ ఒక కొత్త అల్లిక నడుస్తుంది. పల్లవిని పట్టుకొని సంగతి మీద సంగతి వేసే మన పద్ధతి తెలిసిన చెవికి ఇది పరాయిగా అనిపించదు. ఆ తరువాత, దాదాపు మూడు వందల ఏళ్లు దాటి 1976 ప్రాంతంలో ఇటలీవాడైన బెరియో ఒంటరి ఫిడేలుకు రాసిన ఎనిమిదో సెక్వెంట్సా. షడ్జం, చతుశ్శ్రుతి రిషభం అన్నంత దగ్గరగా ఉన్న రెండు స్వరాలను పట్టుకొని గీకి, కొరికి, విడిచి, మళ్లీ వాటి దగ్గరికే వచ్చే రచన అది. మొదటి రెండు నిమిషాలు నాకు చిరాకు కలిగిందని ఒప్పుకుంటున్నాను. జర్మనీవాడైన బాఖ్ ఒంటరి ఫిడేలుకు రాసిన షకోన్ అనే రచనకు నివాళిగా బెరియో దీన్ని రాశాడని, అందుకే ఆ రెండింటినీ ఒకే కచేరీలో పెట్టానని ఆమె వాయించే ముందే నాలుగు మాటల్లో చెప్పింది. అది గుర్తొచ్చాక వినడం తేలికైంది.

మూడోది, అదే 1976 ప్రాంతానికి చెందిన షర్రీనో అనే మరో ఇటలీవాడు కాప్రిస్ పేరుతో ఒంటరి ఫిడేలుకు రాసిన రచనలలో ఒకటి. నా లేఖకు కారణం ఇదే. ఇందులో తీగను నొక్కరు, వేలితో తాకీ తాకనట్టు ఉంచుతారు. అప్పుడు మూలస్వరం వినిపించదు, దాని పైన ఉండే ఉపస్వరాలు మాత్రమే ఈల వేసినంత పలచగా పలుకుతాయి. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన నేను సోనోమీటరు తీగ మీద కాగితపు ముక్కలు పెట్టి పిల్లలకు చూపించినది ఇదే. ఆ ప్రయోగమే సంగీతమై ఎదురుగా నిలబడితే, దాన్ని నేను వినలేకపోయాను. ముందు నుంచి మూడో వరుసలో కూర్చొని కూడా వినలేకపోయాను.

కారణాలు అందరికీ తెలిసినవే. అయిదారు వందల మంది పట్టే ఆ మందిరంలో నెత్తి మీద పాతిక ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వేదిక వెనుక గోడకు ఆనించి జనరేటరు పెట్టారు. మైకు వద్దని ఆమె ముందే చెప్పినా, మైకు లేకపోతే కార్యక్రమం కాదేమోనన్న భయంతో కాబోలు, నిర్వాహకులు ఒకటి తెచ్చి ఆమె ముందు నిలబెట్టారు. దాంతో కమాను తీగ మీద రాసుకునే గరగర పెద్దదైంది, స్వరం మాత్రం ఎడమ గోడకు తగిలించిన స్పీకరు పెట్టెలోంచి వచ్చింది. మనిషి మధ్యలో, ధ్వని పక్కన. బీబర్ అయిపోగానే జ్యోతి ప్రజ్వలన చేశారు, అది మొదట మరిచిపోయారట. షర్రీనో అయ్యీ కాకుండానే శాలువాలు, జ్ఞాపికలు, నాలుగు ఉపన్యాసాలు. ఒక వక్త ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరు ఎత్తినందుకు మాత్రం సంతోషించాను. పక్కవాద్యంగానే ఉండిపోయిన ఫిడేలుకు మన దేశంలో సొంత కచేరీ గౌరవం తెచ్చిన తొలివారిలో ఆయన ఒకరు. కానీ ఆ మాట చెప్పడానికి పద్దెనిమిది నిమిషాలు తీసుకున్నారు. ఆఖరున బాఖ్ షకోన్ మొదలయ్యే వేళకు పక్క వీధిలోని ఫంక్షన్ హాలులో డీజే మొదలైంది.

మరునాడు ఉదయం జరిగినది చూడకపోయి ఉంటే, ఇది మన ఊరి రాత అని ఊరుకునేవాణ్ణి. ఆమె తాను చదివిన బడి పిల్లలకు అదే షకోన్ మళ్లీ వాయించింది. నిజాం కాలం నాటి రాతి గోడలు, ఎత్తైన దూలాల కప్పు, కిటికీలకు చెక్క తలుపులు ఉన్న పాత గది అది. అక్కడి రెండు ఫ్యాన్లూ చెడిపోయి ఉన్నాయి. నేల మీద జంపఖానా పరిచి నలభై మంది పిల్లలు కూర్చున్నారు. అదే ఫిడేలు, అదే మనిషి, అదే రచన. బాఖ్ స్వదస్తూరీ ప్రతి మీద 1720 అని ఉంది, అంటే హైదరాబాదులో ఆసఫ్ జాహీల పాలన మొదలవడానికి నాలుగేళ్ల ముందు. ఒక్క వాద్యం మీద రెండు మూడు గొంతులు మాట్లాడుకుంటున్నట్టు భ్రమ కలిగించడం ఆయన విద్య. తీగలను ఎత్తి పట్టే ఫిడేలు గుర్రం వంపుగా ఉంటుంది కనుక కమాను నాలుగు తీగలనూ ఒకేసారి పట్టుకోలేదు. కింది స్వరాన్ని పలికించి వదిలేసి పైదానికి వెళ్లాలి, వదిలేసిన స్వరాన్ని గది కాసేపు మోస్తుండగా మన చెవి మిగతాది పూరిస్తుంది. ముందురోజు రాత్రి ముక్కలు ముక్కలుగా వినిపించినది, ఈ రాతి గదిలో ఒక వాక్యంలా వినిపించింది. మధ్యలో దిగులుగా పలికే మైనరు స్వరాల నుంచి వెలుగు నిండిన మేజరు స్వరాలకు మారే చోట, అప్పటిదాకా కాళ్లు కదుపుతున్న పిల్లలు కూడా కదలడం మానేశారు. పావుగంట సేపు మైకు అవసరం ఎవరికీ తోచలేదు.

ఇందులో మాయ ఏమీ లేదు. గది ఎంత పెద్దది, అందులో ధ్వనిని పీల్చుకునేవి ఎన్ని ఉన్నాయి అన్న రెండు లెక్కల మీదే ధ్వని ఎంతసేపు నిలుస్తుందన్నది చాలావరకు ఆధారపడుతుందని అమెరికాలో వాలెస్ సబీన్ 1890ల చివరలోనే తేల్చాడు. ఆయన నాటకశాల కుర్చీల దిండ్లు రాత్రిళ్లు మోసుకొచ్చి, ఉపన్యాసాల గదిలో పరిచి, స్టాప్ వాచీతో కొలిచాడు. ఆ లెక్క ప్రకారం కట్టిన బోస్టన్ సంగీతశాల 1900లో తెరిచారు. మన ఊరి శివార్లలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పగలంతా లింగం మీద స్తంభపు నీడ నిలిచేలా వెలుతురును లెక్కగట్టి కట్టారు కుందూరు చోడుల కాలంలో. ఇప్పుడు సిమెంటు గోడలు, టైల్సు నేల, రేకుల కప్పు వేసి, ధ్వని సంగతి మైకు చూసుకుంటుందని వదిలేస్తున్నాం.

మా పట్టణంలో సభామందిరాన్ని బాగుచేస్తారన్న మాట వినిపిస్తోంది కనుక అధికారులకు నా విన్నపం ఇది. పెద్ద మందిరాన్ని ఇంకా పెద్దది చేయవద్దు, దాని పక్కన నూట ఇరవై మంది పట్టే చిన్న గది ఒకటి కట్టండి. జనరేటరును ఆవరణ చివరకు జరపండి. చప్పుడు లేని ఫ్యాన్లు వేయండి. ఒక పక్క గోడకు మందపాటి గుడ్డ తెరలు పెట్టి, అవసరాన్ని బట్టి లాగేలా ఏర్పాటు చేయండి. ఇక డీజే విషయానికి కొత్త చట్టం ఏమీ అక్కరలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మాత్రమే. రాత్రి పది గంటల నుంచి లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదన్నది అందరూ ఎరిగినదే, అంతకు ముందు కూడా పరిమితి ఒకటి ఉందన్నది ఎవరికీ పట్టలేదు.

ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లాకు బాఖ్ ఎందుకని ఒక మిత్రుడు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఈ గది ఖర్చు నీళ్ల పద్దులోంచి రావాలని నేను అనడం లేదు, ఎలాగూ మందిరానికి పెట్టబోయే డబ్బులోంచే రావాలంటున్నాను. అది బాఖ్ కోసమే కూడా కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి వచ్చి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెర కూడా మైకులో పడితే కాయ బుర్రల మోత తప్ప తీగ పలుకు మిగలదు. వీణకూ శారద కథ చెప్పేవాళ్ల తంబూరకూ ఇదే గతి. ఒక్క మనిషి ఒక్క వాద్యంతో కూర్చునే కళలు మన పాలమూరు, నల్లగొండల్లో ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.

డిసెంబరు సెలవుల్లో మళ్లీ వస్తానని ఆ అమ్మాయి చెప్పింది. అప్పటికి కొత్త గది లేవదని నాకు తెలుసు. బడివాళ్లు ఒప్పుకుంటే ఆ రాతి గదినే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఊరివాళ్లకు తెరిచి ఉంచితే చాలు. డిసెంబరు కనుక ఆ రెండు ఫ్యాన్లను అప్పటిదాకా బాగుచేయించకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
నల్లగొండ