హైకోర్టు తరలేలోపే పాత భవనానికి జీవో ఇవ్వండి

తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను హైకోర్టును మొదటిసారి చూసింది మా నాన్న చెయ్యి పట్టుకుని. భూమి కేసు వాయిదాకు వచ్చాం. కేసు సంగతి నాకేం తెలియదు. నయాపూల్ దాటుతుంటే మూసీ ఒడ్డున కనబడ్డ ఆ ఎర్రరాతి గోడలు, గుమ్మటాలు మాత్రం ఇప్పటికీ కళ్లలోనే ఉన్నాయి.

2024 మార్చి 27న రాజేంద్రనగర్ దగ్గరి బుద్వేల్‌లో 100 ఎకరాల్లో కొత్త హైకోర్టుకు శంకుస్థాపన జరిగింది. అది అవసరమే, నాకు అభ్యంతరం లేదు. నా టెన్షనంతా పాత భవనం గురించే.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచేసింది. అదే నది ఒడ్డున ఏడేళ్లకు, 1915లో, ఈ కట్టడానికి పునాది వేశారు. జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ ప్లాను గీశారు, విన్సెంట్ ఎష్ ఆర్కిటెక్టు, మెహర్ అలీ ఫాజిల్ ఇంజనీరుగా దగ్గరుండి కట్టించారు. ఎర్ర ఇసుకరాయి, గులాబీరంగు గ్రానైటు. 1919కి పని ముగిసింది, 1920 ఏప్రిల్‌లో ఏడో నిజాం ప్రారంభించారు. దీని వెండి నమూనా పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉంది, వీలైతే ఒకసారి చూడండి. 1956లో గుంటూరు నుంచి ఆంధ్ర హైకోర్టు తరలివచ్చి చేరింది కూడా ఈ భవనంలోకే. 2009 ఆగస్టులో మంటలు రేగి లైబ్రరీ కాలిపోయినా కోర్టు ఇక్కడే నడిచింది. మనుషులు తిరుగుతున్నారు కాబట్టే మరమ్మతులూ జరిగాయి.

ఇప్పుడు నదికి అవతలి ఒడ్డు చూడండి. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనానికి కూడా ఎష్షే ఆర్కిటెక్టు. 2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లు వచ్చాయని రోగులను ఖాళీ చేయించారు. ఆ తర్వాత వార్డులకు తాళాలు పడ్డాయి. మనుషులు లేని ఇంటికి చెదలూ రావిమొక్కలే దిక్కు, అది మీకు తెలియంది కాదు.

అందుకే హైకోర్టు వెళ్లిపోయినా ఇక్కడ ఏదో ఒక కోర్టు నడిచేలా చూడండి. గోడలు, గుమ్మటాలు, చెక్కడాలు అన్నింటినీ ఇప్పుడే కొలిచి డ్రాయింగులు తీయించండి. వారానికి ఒకరోజైనా, వాయిదా లేని మామూలు జనాన్ని లోపలికి రానివ్వండి. నిర్వహణ ఏ శాఖది, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో జీవోలో రాయండి. చివరి ఫైలు బుద్వేల్ లారీ ఎక్కేలోపు ఆ జీవో రావాలి.

ఇట్లు,
ఒక హైదరాబాదీ