బీఎంఐ హద్దు మనకు 23

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వేసిన బరువు-ఎత్తు పట్టిక చూసి ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 18.5 నుంచి 24.9 దాకా ఆరోగ్యకరం, 25 దాటితే అధిక బరువు అని వేశారు. అవి ప్రపంచమంతటికీ కలిపి పెట్టిన హద్దులు. మనవాళ్లకు అంతకంటే తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుందని, షుగరు ముందే పట్టుకుంటుందని డాక్టర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. ఆసియా వాళ్లు 23 నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. 2009లో మన దేశ వైద్యులు కూర్చుని 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని తేల్చారు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 23నే హద్దుగా చెబుతోంది. తార్నాకలో చెప్పిన మాట తెలుగు పత్రికలకే చేరకపోతే ఎలా?

23కూ 25కూ రెండు పాయింట్ల తేడాయే కదా అనుకోవద్దు. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి 23 అంటే సుమారు 65 కిలోలు, 25 అంటే 70 పైమాటే. మా తమ్ముడు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నవాడు. 'నార్మల్' అని రాసిచ్చిన కాగితాలు ఇంట్లో ఉండగానే షుగరు బయటపడింది.

మొన్న మా వార్డులో పెట్టిన ఉచిత వైద్య శిబిరంలోనూ గోడకు ఇదే పాత చార్టు. నా ముందావిడ ఎత్తును హైహీల్ చెప్పులతో సహా కొలిచారు. నా వంతు వచ్చేసరికి కొలవడమే మానేసి "ఎంతుంటారమ్మా?" అని అడిగి రాసేసుకున్నారు. బరువును ఎత్తుతో ఒకసారి కాదు, రెండుసార్లు భాగించే లెక్క ఇది. ఎత్తే తప్పుగా రాసుకుంటే ఇంకేం మిగులుతుంది? నడుము కొలిచే టేపు అసలే లేదు. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని చెప్పే నాథుడూ లేడు. ఫ్లెక్సీలకు, శాలువాలకు, ఫొటోలకు డబ్బుంటుంది, ఎత్తు కొలిచే స్టాండుకు ఉండదు. ఏ పథకం చూసినా ఇదే వరస, ప్రారంభోత్సవం రోజున్న శ్రద్ధ మర్నాటికి ఉండదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది 25 హద్దుకు చేరినవాళ్లో, దాటినవాళ్లో. 23 దగ్గర గీత గీస్తే ఇంకెందరు తేలతారో! అదే తెలంగాణలో నూటికి 19 మంది దాకా 18.5కు దిగువన బక్కచిక్కి ఉన్నారు. ఈ రెండు బాధల్లో దేన్ని పట్టించుకోవాలన్నా ముందు సరిగ్గా కొలవాలి కదా.

వైద్య ఆరోగ్యశాఖ వాళ్లు ఆ పాత చార్టులు తీయించి, ప్రతి ఆరోగ్య కేంద్రానికీ ఒక స్టాండు, ఒక టేపు ఇవ్వాలి. మీరు వచ్చే ఆదివారం సరైన పట్టికను అదే పేజీలో, అంతే పెద్దగా వేయండి. పిల్లలకు ఈ అంకెలేవీ వర్తించవని, వాళ్లకు వయసును బట్టి వేరే పట్టికలుంటాయని కూడా కింద రాయండి.

– ఒక పాఠకురాలు, తెనాలి