లాభం లెక్కలు నీవి, కాటా గొడవ నాది

ఒరేయ్ బావా,

"ఎవడైనా చివరికి తన లాభమే చూసుకుంటాడురా, ధర్మం గిర్మం అంతా కబుర్లే" అని ఒక్క ముక్కలో తేల్చేసి ఫోన్ పెట్టేశావు. దానికి జవాబు చెప్పాలంటే నాకు ఇంత ఉత్తరం పడుతోంది, భరించు.

నీ మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. మనుషులు తమ లాభమే చూసుకుంటారు అనడం ఒకటి, అలాగే చూసుకోవాలి అనడం ఇంకొకటి. మొదటిదానితో వాదించి గెలవలేం, ఎందుకంటే నేను ఎవరికి సాయం చేసినా "అందులో నీకు తృప్తి ఉంది కదా" అనేస్తావు. 18వ శతాబ్దంలోనే బట్లర్ అనే ఇంగ్లీషు పాదిరి ఈ తిరకాసు పట్టుకున్నాడు. ఎదుటివాడు బాగుండాలన్న కోరిక ముందు ఉంటేనే కదా, అది తీరినప్పుడు తృప్తి కలిగేది?

అసలు గొడవ రెండోది. కాంట్ అనే జర్మన్ తత్వవేత్త 1785లో అచ్చేసిన పుస్తకంలో ఒక కొట్టు యజమాని ఉంటాడు. చిన్నపిల్లాడు వచ్చినా ధర పెంచడు, పెంచితే పేరు పోయి బేరం పోతుందని. పని సరైనదే గానీ, అది ధర్మం కోసం చేసింది కాదు గనక దానికి నైతికంగా విలువ లేదంటాడు కాంట్. చదవగానే నాకు మన పర్లాకిమిడి బజారే కళ్లముందు కొచ్చింది. జీడిపిక్కల రోజుల్లో సవరవాళ్లు కొండ దిగి గోనెసంచులు మోసుకొస్తారు, కొంతమందికి తెలుగు రాదు, ఒడియా అంతంతమాత్రం. సంచి కాటా మీద పెట్టి, అంకె ఇంకా నిలవకముందే ఏదో ఒకటి పలికేసి, సంచి దించేసే షావుకార్లని నువ్వూ చూశావు. అదే షావుకారు పాతపట్నం నుంచి వచ్చిన మాస్టారికి తూకం కాస్త మొగ్గుగా వేస్తాడు. మాస్టారు మళ్లీ వస్తారు, నలుగురికి చెప్తారు. ఆ సవర ముసలమ్మ ఎవరికి చెప్తుంది? నీ లెక్కన షావుకారు ఇద్దరి దగ్గరా చేసింది రైటే, అదే నాకు మింగుడుపడదు.

"మోసం ఎన్నాళ్లో సాగదురా" అంటావు, తెలుసు. 1651లో హాబ్స్ అనే ఇంగ్లీషు తత్వవేత్త అన్నదీ దాదాపు అదే, మాట తప్పేవాణ్ణి ఎవరూ తమలో చేర్చుకోరని. సమానుల మధ్య అది నిజమే. ఎదుటివాడు నిన్ను ఏమీ చెయ్యలేడని తేలినచోట ఆ భయం ఏ మూలకి? పైగా నీ సిద్ధాంతాన్ని బోర్డు మీద రాసి కొట్టు ముందు పెట్టగలవా, "ఇక్కడ తూకం మా లాభాన్ని బట్టి" అని? ఆ రోజే కొట్టు మూత. అంటే నువ్వు లాభం చూసుకోవాలంటే ఊళ్లో మిగతావాళ్లు నిన్ను ధర్మాత్ముడని నమ్ముతూ ఉండాలన్నమాట!

అలాగని కాంట్‌ని నెత్తిన పెట్టుకోమనను. స్నేహితుణ్ణి చంపాలని వెతుక్కుంటూ వచ్చినవాడికి కూడా అబద్ధం చెప్పకూడదని 1797లో రాశాడాయన, నేనైతే నిన్ను అటక మీద దాచి లేడనే చెప్తాను. 1930లో రాస్ అనే ఆయన కొంత సర్దాడు, ధర్మాలు చాలా ఉంటాయి, రెండు ఢీకొంటే ఆ సందర్భానికి బరువైనది పాటించమని. ఏది బరువో ఎలా తేల్చాలో మాత్రం సూత్రమేదీ ఇవ్వలేదు.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. మన ఇళ్లల్లో ధర్మం గురించి ఎక్కువ వినాల్సివచ్చేది ఎవరు? కోడళ్లు, పాలేర్లు, పెద్దకూతుళ్లు. మా వీధిలో ఒకమ్మాయి, చదువులో చురుకైనదే, మంచంపట్టిన నాన్నమ్మని చూసుకోవడానికి కాలేజీ మానేసింది, అన్నయ్య మాత్రం విశాఖలో కోచింగులో ఉన్నాడు. అందరూ "బంగారుతల్లి" అంటున్నారు. అక్కడ "మరి నా సంగతేంటి?" అని అడగడం నేర్పేది నీ సిద్ధాంతమే, ఒప్పుకుంటాను. కాకపోతే కాంట్ మాటని సగం చదివి వదిలేస్తారు జనం: మనిషిని వట్టి పనిముట్టులా వాడుకోవద్దన్నప్పుడు ఎదుటివాళ్లలోని మనిషినే కాదు, నీలోని మనిషిని కూడా అన్నాడాయన. ఆ లెక్కన ఆ పిల్లకి తనపట్ల కూడా ఒక ధర్మం ఉంది, అది ఆమెకి ఎవరూ చెప్పలేదు.

నీకో పాయింటు ఊరికే ఇస్తున్నా, తీసుకో. 1874లో సిజ్‌విక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఎంత తవ్వినా, తన మేలు చూసుకునేవాణ్ణి వట్టి తర్కంతో ఓడించే దారి దొరకలేదు. నేనూ నిన్ను ఓడించాననట్లేదు. కానీ ఆ ముసలమ్మ సంచి దగ్గర నీ సిద్ధాంతం ఏమంటుందో రాయి. వాయిస్ మెసేజ్ పెట్టకు, రాయి.

నీ
బావ