పాటల వ్యాసాల్లో రచయిత పేరు సరిచూడండి

సంపాదకులకు,

ఆదివారం అనుబంధాల్లో వచ్చే పాత హిట్ పాటల వ్యాసాల్లో గాయకుడి పేరు, తెర మీద పెదవులు కదిపిన హీరో పేరు తప్పకుండా ఉంటాయి. రాసినవారి పేరు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఉన్నప్పుడూ తప్పులే ఎక్కువ. వివరాలను ఫోన్లోని పాటల యాప్ నుంచి ఎత్తి రాయడమే ఇందుకు కారణం. అక్కడ చాలాసార్లు ఒక్కో పాటకు విడిగా కాక, ఆల్బమ్ మొత్తానికీ ఒకే పేరు తగిలిస్తారు.

'శంకరాభరణం' (1980) పాటలన్నీ వేటూరివే అని రాసేస్తుంటారు. 'శంకరా నాదశరీరాపరా', 'దొరకునా ఇటువంటి సేవ' ఆయనవే. 'మానస సంచరరే' మాత్రం సదాశివ బ్రహ్మేంద్రులది. 'ఏ తీరుగ నను దయజూచెదవో' భద్రాచల రామదాసుది. 'బ్రోచేవారెవరురా' మైసూరు వాసుదేవాచార్యులది. తెలుగులో అంత చక్కని కీర్తన రాసిన కన్నడ దేశపు వాగ్గేయకారుణ్ణి మనమే మరిచిపోతే ఎలా?

డబ్బింగ్ పాటలతో మరో చిక్కు. 'రోజా' (1992) తమిళ సాహిత్యం వైరముత్తుది, తెలుగు సాహిత్యం రాజశ్రీది. బాణీ ఒకటే కదా అని తమిళ కవి పేరునే తెలుగు పాటకు అంటించకూడదు.

సినిమా టైటిల్స్ చూస్తే తేలిపోతుందనుకోవడానికీ లేదు. 'పాటలు' అన్న మాట కింద ముగ్గురు నలుగురు కవుల పేర్లు వరసగా పడతాయి, ఏది ఎవరిదో అక్కడ ఉండదు. ఒక్కో సంగీత దర్శకుడి పేరు అసలు పడదు కూడా. 'మాయాబజార్' (1957)కు మొదట సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారు, వాటిలో 'లాహిరి లాహిరి' ఒకటి. వాద్యగోష్ఠి సమకూర్చి రికార్డు చేసింది ఘంటసాల. తెర మీద కనిపించేది ఘంటసాల పేరే.

అందుకని హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకం, గ్రామఫోన్ రికార్డు లేబుల్, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. పేర్లు కలిస్తే ధైర్యంగా అచ్చు వేయవచ్చు. కలవకపోతే రెండు పేర్లూ ఇచ్చి, తేడా ఉందని ఒక్క ముక్క చేర్చండి. సాహిత్యం అచ్చు వేసేటప్పుడు కూడా పాటల పుస్తకమే నయం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ (78 ఆర్‌పీఎం) రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. పాట పొడవైతే రెండు వైపులకూ విడగొట్టేవారు, లేదా ఒక చరణం తీసేసేవారు. రికార్డు నుంచి ఎక్కించిన పాటను విని రాసుకుంటే ఆ చరణం మీ పేజీలోనూ గల్లంతవుతుంది. ఇక యాప్‌లో కనిపించే సంవత్సరం చాలాసార్లు సంకలనం వెలువడిన ఏడాదో, డిజిటల్‌గా ఎక్కించిన ఏడాదో. సినిమా విడుదలైన ఏడాదితో దాన్ని పోల్చి చూసుకోవాలి.

పేరు తప్పితే పోయేది పరువొక్కటే కాదు. కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ తర్వాత, సినిమా హాల్లో చిత్రంతో పాటు వినిపించడం మినహా, పాట ఇంకెక్కడ వాడినా రాయల్టీలో రచయితకూ సంగీత దర్శకుడికీ వాటా ఉంది. ఆ వాటాను వారసులకో, రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వడం కుదరదు. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. సాహిత్యం మీద హక్కు, కవి పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1957 నాటి 'మాయాబజార్' రికార్డుల గడువు 2017తో తీరింది. ఆ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కాబట్టి, అవే పాటల సాహిత్యం మీద హక్కు, అది ఎవరి చేతిలో ఉన్నా సరే, 2031 చివరిదాకా నిలుస్తుంది. కవి ఎవరో తప్పు రాస్తే ఈ గడువు లెక్కా తప్పుతుంది.

ప్రతి పాట కింద రచన, సంగీతం, గానం, చిత్రం, సంవత్సరం వేయడానికి రెండు లైన్లు చాలు. చోటు సరిపోకపోతే హీరో ఫొటో కాస్త తగ్గించండి.

— ఒక పాఠకుడు