నీళ్లు తీశాయి, దడుపు తీయలేదు

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్ నుంచి రాస్తున్నాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. కింది వాటా మునిగిపోతే మా అమ్మ పై వాటా మెట్ల మీద కూర్చుని పడవ కోసం రెండు రోజులు ఎదురుచూసింది.

తర్వాత ప్రభుత్వం చేసింది తక్కువేం కాదు. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లలో బురద కడిగించారు. మునిగిన కింది వాటాలకు 25 వేలు ఇచ్చారు. నష్టం లెక్కకు వచ్చి మా ఫ్రిజ్, బీరువా రాసుకున్న కుర్రాడు మాత్రం అమ్మకు నిద్ర పడుతోందా అని అడగలేదు. అతని ఫారంలో ఆ గడి లేదు లెండి.

ఇప్పటికీ పక్కింటి ట్యాంకు నిండి పొర్లితే చాలు, అమ్మ అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది. లైటు వేయదు. మంచం మీది నుంచి ఒక కాలు మెల్లగా దించి, గచ్చు తడిసిందేమో చూసుకుంటుంది. దడుచుకుందని చుట్టాలు తాయెత్తు కట్టించారు. దాన్ని నేను ఎగతాళి చేయను, ఆమె భయం నిజమేనని ముందుగా ఒప్పుకున్నది వాళ్లే. ఆ తర్వాత ఒక ఆసుపత్రిలో రెండు నిమిషాలు చూసి నిద్రమాత్రలు రాశారు.

దీన్నే డాక్టర్లు ట్రామా అంటారు. జరిగిపోయిందని తెలిసినా ఒళ్లు ఒప్పుకోదు, చప్పుడు వినగానే మళ్లీ ఆ రాత్రిలోకే వెళ్తుంది. దీనికి మందు ఒక్కటే కాదు, మాటల వైద్యమూ ఉంది. శిక్షణ ఉన్న మనిషి పక్కన కూర్చుని, వారానికోసారి, మామూలుగా 8 నుంచి 12 సార్లు, జరిగినదాన్ని కొంచెం కొంచెంగా చెప్పిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే దీన్ని సిఫార్సు చేసింది. విపత్తుల తర్వాత మానసిక సాయం ఎలా అందించాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ మానసిక వైద్యం పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మా హక్కు కూడా.

14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం లైనులో తెలుగులోనే మాట్లాడతారు. మంచిదే. కానీ ఆ నంబరు మా వీధిలో ఎంతమందికి తెలుసు? ఆశా కార్యకర్తలకు ఈ లక్షణాలు గుర్తుపట్టడం నేర్పించండి. వరద తగిలిన డివిజన్లలో వారానికో రోజు కౌన్సెలర్‌ను కూర్చోబెట్టండి, వచ్చే వానలకు ముందే.

ఒక్క మనవి. ఆ గదికి ‘మానసిక వ్యాధుల విభాగం’ అని బోర్డు పెట్టకండి. మొన్న ఒక ఆసుపత్రిలో అలాంటి బోర్డు దగ్గర లైనులో పక్క వీధి ఆవిడ కనబడగానే అమ్మ వెనక్కి తిరిగింది. మా పట్టణ ఆరోగ్య కేంద్రంలో బీపీ చూసే గది పక్కనే పెట్టించండి. బీపీకైతే నెలనెలా తనే వెళ్తుంది.

ఇట్లు,
సింగ్‌నగర్ వాసి