కాలిన గుట్టపై గుంతలు తవ్వకండి

సంపాదకులకు నమస్కారం.

మార్చిలో మా కాలనీ వెనుక గుట్ట రెండు రోజులు తగలబడింది. వానలు పడగానే, మొన్న ఆదివారం, మొక్కలు నాటడానికి జేసీబీతో గుంతలు తవ్వడం మొదలుపెట్టారు. నాటేవారి మనసు మంచిదే, కాదనను. కానీ ఇరవై ఏడేళ్లు నల్లమల అడవిలో, మన్ననూరు వైపు అటవీ శాఖ బీట్ ఆఫీసరుగా తిరిగినవాణ్ని. చూస్తూ ఊరుకోలేకపోయాను.

ఆ గుట్ట చావలేదు. మన ఆకురాల్చే అడవుల్లో మంట ఎక్కువగా నేలమీది ఎండుటాకునూ గడ్డినీ నాకుతూ పోతుంది. జానెడు లోతున ఉన్న వేరుకు ఆ సెగ అంతగా తగలదు. తునికాకు లేతగా వస్తుందని ఎండాకాలంలో అడవికి నిప్పు పెట్టేవారితో నేను ఎన్నోసార్లు తగాదా పడ్డాను. వారు చేసేది తప్పే. అయినా పైన ఎంత కాలినా కింద వేరు బతికే ఉంటుందన్న సంగతి వారికి తెలుసు.

సోమవారం పొద్దున వెళ్లి చూశాను. ఒక మోదుగ మొద్దు బొగ్గులా నిలబడి ఉంది. బెరడును గోటితో గీకితే లోపల పచ్చదనం, తడి. మొద్దు అడుగున బూడిద పక్కకు తీస్తే ఏడు పిలకలు, లేత ఆకులపై పట్టులాంటి నూగు. రెండడుగుల అవతల తునికి వేరు కూడా పిలకలు వేసింది. జేసీబీ పన్ను దిగిన చోట బొటనవేలంత లావు వేరు తెగి, గుంత గోడకు వేలాడుతోంది. అంత వేరు పెరగాలంటే నర్సరీ మొక్కకు ఎన్నేళ్లు పడుతుందో! టేకు మొలకైతే ఏటా పైన ఎండుతూ, కాలుతూ, కింద వేరును బలపరచుకుని, చివరకు ఒక ఏడాది ఒక్కసారిగా లేస్తుంది.

అధికారులకు నా మనవి: రెండు వానాకాలాలు ఆ నేలను కదపకండి. మేకలను రానివ్వకండి. కాలిన చోట ముందుగా కమ్ముకునే లాంటానా, సుబాబుల్ మొలకలను వానకు నేల మెత్తగా ఉన్నప్పుడే పీకించండి. పిలకలు నిలదొక్కుకున్నాక మొద్దుకు బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి కోయించవచ్చు. ఫిబ్రవరి రాకముందే గుట్ట చుట్టూ గడ్డి కోయించి, మంట దాటిరాకుండా ఖాళీ పట్టీ, అంటే అగ్నిరేఖ, తీయండి. ఏటేటా కాలితే మాత్రం లేత మొలకలు పోయి గడ్డే మిగులుతుంది. నాటాలనుకుంటే, రాయి తవ్వి వదిలేసిన పడమటి మూల ఉంది. అక్కడ నిజంగానే వేర్లు లేవు.

తూర్పు వాలు ఇంకా తవ్వలేదు. బతికిన మొద్దులు చూపించడానికి ఏ రోజు పిలిచినా వస్తాను.

– విశ్రాంత అటవీ ఉద్యోగి,
వనస్థలిపురం, హైదరాబాద్