మా అమ్మను కాపాడిన ఆశ అక్కకు

మా అమ్మ ఇంటికి వచ్చింది. అన్నం తనే కలుపుకొని తింటోంది, వాకిట్లో నాలుగడుగులు వేస్తోంది. గొంతులో పైపు పెట్టినందువల్ల మాట ఇంకా కొంచెం బొంగురుగా ఉంది, అంతే. ఫోన్లు చేసిన వాళ్లకు, దవాఖాన దాకా వచ్చి చూసిన వాళ్లకు అందరికీ పేరుపేరునా దండాలు. ఈ పోస్టు మాత్రం ముఖ్యంగా ఒక్క మనిషి కోసం రాస్తున్నాను. అచ్చంపేట దగ్గర మా ఊర్లో పనిచేసే ఆశ వర్కర్ అక్క కోసం. పేరు రాయొద్దని ఆమె గట్టిగా చెప్పింది. మా ఊరివాళ్లకు ఎలాగూ తెలుసు.

ఏం జరిగిందో చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. వానాకాలం, ఇంట్లో ఉక్కపోత. అమ్మ ఎప్పటిలాగే నేల మీద చాప వేసుకొని పడుకుంది. నడిజాము దాటాక కడుపులో నొప్పి అని లేచింది. నాయిన వాము నమలమని ఇచ్చాడు. కాసేపటికి వాంతి అయింది. తెల్లారేసరికి కండ్లు సరిగ్గా తెరవలేకపోతోంది, మాట ముద్దగా వస్తోంది. గాయం లేదు, వాపు లేదు, నెత్తురు లేదు. పక్కింటి వాళ్లు గ్యాస్ అన్నారు, ఒకరు పక్షవాతం అన్నారు.

అక్క వచ్చి మొదట అమ్మ ముఖం చూసింది. "పెద్దమ్మా, పైకి చూడు" అన్నది. అమ్మ తల పైకెత్తింది గానీ రెప్పలు లేవలేదు. అక్క చాప ఎత్తి చూసింది, రాత్రి ఎక్కడ పడుకుందో అడిగింది. "ఇది కడుపునొప్పి కాదు పెద్దనాయినా, పురుగు ముట్టినట్టుంది. కట్లపాము అయ్యుంటది" అని అప్పుడే చెప్పింది.

కట్లపాము గురించి నాకు ఆ తర్వాత డాక్టర్లు చెప్పారు. అది ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది, ఎలుకల కోసం, బల్లుల కోసం ఇండ్లలోకి వస్తుంది. కోరలు చిన్నవి. నిద్రలో ఉన్నవాళ్లకు కరిచిన సంగతే తెలియకపోవచ్చు. నాగుపాము, రక్తపింజర కరిస్తే ఎక్కువగా నొప్పి, వాపు కనిపిస్తాయి. దీనికి అవేమీ ఉండకపోవచ్చు. విషం నరాల మీద పనిచేస్తుంది. మొదట రెప్పలు వాలతాయి, తర్వాత మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు కదలవు. మనిషికి తెలివి ఉంటుంది గానీ కండ్లు తెరవలేరు, మాట్లాడలేరు.

మా మేనమామ ఆ ఊర్లోనే ఉంటాడు. పాము అని వినగానే పసరు పోసి మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోదామని బండి తీశాడు. మామ మీద నాకు కోపం లేదు. తోడబుట్టిన ఆడబిడ్డ అట్లా పడి ఉంటే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. ఆ మంత్రంతో బతికిన వాళ్లను ఆయన కండ్లారా చూశాడు కూడా. అక్క ఆయనతో వాదం పెట్టుకోలేదు. "మామా, విషం లేని పాములే ఎక్కువ. ఒక్కోసారి విషపు పాము కరిచినా విషం ఎక్కదు. అట్లాంటోళ్లు మంత్రం లేకున్నా బతుకుతరు. పెద్దమ్మకు విషం ఎక్కింది, రెప్పలు చూడు" అన్నది. మాట్లాడుతూనే 108కి ఫోన్ చేసింది. ఎవరో కాలికి తాడు బిగించబోతే ఆపింది. అమ్మ మెట్టెలు, గాజులు తీయించింది. నడవనివ్వలేదు, మంచం మీదే మోయించింది. మింగలేని మనిషి కదా, ఉమ్మి గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

ఇక్కడ ఒక మాట రాయాలి. నాకు అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. ఆ పొద్దు అమ్మకు దారిలో ఏమైనా అయి ఉంటే ఊరంతా ఏమనేదో నాకు తెలుసు. "మంత్రానికి తీస్కపోతే బతికేది, ఆమెనే అడ్డం పడ్డది" అనేవాళ్లు. ఆ నింద ఆమె మీద ఏండ్లకేండ్లు ఉండేది. ఆమె ఆ ఊరి కోడలు. రేపు మళ్లీ అవే గడపలు తొక్కాలి, అదే మనుషులతో మాట్లాడాలి. ఇదంతా తెలిసీ ఆమె పెద్దల ముందు నిలబడింది. గొంతు పెంచలేదు, వెనక్కి తగ్గలేదు. ధైర్యం అంటే నాకు తెలిసింది ఇదే. నా జీవితంలో హీరో ఎవరని ఎవరైనా అడిగితే ఇకమీద ఆమెనే చెబుతాను.

హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేసింది కూడా ఆమెనే. "తమ్ముడూ, టెన్షన్ పడకు. అమ్మకు పురుగు ముట్టింది. నువ్వు ఊరికి రాకు, సీదా నాగర్‌కర్నూల్‌కు రా" అన్నది. అచ్చంపేట దవాఖానలో యాంటీవీనం, అంటే పాము విషానికి విరుగుడు మందు, మొదలుపెట్టి, వెంటిలేటర్ కోసం అక్కడికి పంపారు. దారిలో అమ్మ ఊపిరి మందగిస్తే 108 తమ్ముడు సంచి నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆ తమ్ముడికి, రోడ్డు మీద గుంతలు తప్పిస్తూ బండి నడిపిన అన్నకు నా దండాలు. అక్క తన పనులన్నీ వదిలి బండిలోనే కూర్చుంది. నేను చేరేదాకా అమ్మ చెయ్యి విడవలేదు. కండ్లు మూసుకొని ఉన్నా అమ్మకు అన్నీ వినపడ్డాయట. "బిడ్డ మాట్లాడుతనే ఉన్నది, అందుకే భయం కాలే" అని ఇప్పుడు చెబుతోంది.

యాంటీవీనం కొత్తగా విషం పట్టకుండా ఆపుతుంది గానీ, కట్లపాము విషం అప్పటికే పట్టేసిన నరాలను వెంటనే విడిపించలేదట. అవి కోలుకునేదాకా మిషన్ ఊపిరి పోయాలి. అందుకే గంటలు ముఖ్యం అన్నారు డాక్టర్. రాత్రిపూట ఐసీయూలో అమ్మ గొంతు శుభ్రం చేస్తూ, పక్కలు మారుస్తూ ఉన్న సిస్టర్లను నేను మర్చిపోను. అంత మందుకు, అన్ని రోజుల వెంటిలేటర్‌కు మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ మందు ఎట్లా తయారవుతుందో కూడా అప్పుడే తెలిసింది. పాముల నుంచి తీసిన విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి నెత్తురు నుంచి తీస్తారట. ఆ విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుల తెగవాళ్లు పాములు పట్టి తీసేదే. వాళ్లు ఈ పోస్టు చదవరు. అయినా వాళ్లకూ నా నమస్కారం.

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. ఎక్కువ మరణాలు ఉన్న రాష్ట్రాల్లో మన తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఎక్కువగా పోయేది పల్లెల్లోనే, వానాకాలంలోనే.

మేము దవాఖానలో ఉన్నన్ని రోజులు మా బర్రెకు గడ్డి వేసి, పాలు పితికి, పత్తి చేన్లో కలుపు కూడా తీయించిన ఇరుగుపొరుగు వాళ్లకు రుణపడి ఉన్నాం. మామ రోజూ క్యారేజీ తెచ్చాడు.

అక్క విషయానికి వస్తే, ఆమె ఆ పొద్దు ఒక్కరోజే అట్లా చేసిందనుకోవద్దు. గర్భిణులను కాన్పుకు తీసుకుపోతుంది. పోలియో చుక్కలకు, జ్వరం సర్వేకు, బీపీ, షుగర్ గోలీలకు ఇల్లిల్లూ తిరుగుతుంది. కరోనా టైంలో మేమంతా తలుపులు వేసుకుంటే ఆమె తలుపులు కొట్టింది. ఇంత పని చేసే ఆశాలు నెలకు 18 వేల ఫిక్స్‌డ్ జీతం ఇవ్వమని రోడ్డెక్కి అడగాల్సి వస్తోంది. వాళ్లు టెంట్ వేసుకొని కూర్చున్న పక్క నుంచి నేనూ బస్సులో పోయాను. ఈసారి దిగి వాళ్ల పక్కన కూర్చుంటాను.

చీర, కొంత డబ్బు తీసుకొని ఆమె ఇంటికి పోయాం. డబ్బు తాకలేదు. అమ్మ చేతి నుంచి కాబట్టి చీర తీసుకుంది. పంచాయతీ దగ్గర శాలువా కప్పుతామంటే వద్దన్నది. "అంత పెట్టాలనుంటే దోమతెరలు కొనుండ్రి తమ్ముడూ. మంచం మీద పండుకొని తెర అంచులు పరుపు కిందికి చెక్కుకుంటే కట్లపాము లోపలికి రాదు. మన కాలనీల సగం మంది కిందనే పండుకుంటరు" అన్నది. ఏ ఇంట్లో మంచం లేదో, ఎవరింట్లో ముసలివాళ్లు, చిన్నపిల్లలు నేల మీద పడుకుంటారో అప్పటికే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంది.

ఆ లిస్టు ఇప్పుడు నా దగ్గర ఉంది. మా ఇంటి తరఫున కొన్ని తెరలు, మంచాలు కొంటున్నాం. మామ కూడా కలిశాడు. మా ఊరి నుంచి హైదరాబాద్‌లో, బొంబాయిలో పనిచేస్తున్న వాళ్లు ఎవరైనా ఒక ఇంటికి ఇవ్వగలిగితే నాకు మెసేజ్ పెట్టండి. వినాయక చవితికి అందరం ఊరికి వస్తాం కదా, ఆలోపే పంచుదాం. ఏ ఇంటికి ముందు ఇవ్వాలో అక్క చెబుతుంది.